నాయన చేతుల వణుకు

మొన్న మదనపల్లెలో ఒక ఆస్పత్రి వరండాలో గోడకు తగిలించిన బోర్డు చదివాను. నాలుగే నాలుగు మాటలు. తాగుడు అలవాటున్నవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకవచ్చునట. నిద్ర పట్టదట. లేనివి కనిపిస్తాయట, వినిపిస్తాయట. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు గనక వెంటనే ఆస్పత్రికి తీసుకురమ్మని కింద ఎర్ర అక్షరాల్లో రాశారు. ఆ బోర్డుకు ఒక పక్క చెప్పులు బయట వదలమనే బోర్డు, ఇంకో పక్క ఉమ్మి వేయరాదనే బోర్డు. అంత మామూలు విషయంలాగా రాసి పెట్టారు దాన్ని. నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. తమ్ముడు హరి వచ్చి, "యాలక్కా ఆడ నిలబడిపోయినావు, రా కూర్చుందువు" అన్నాడు. ఏడుపు రాలేదు నాకు. ఒళ్ళు మండింది. ఈ నాలుగు మాటలూ నలభై ఏళ్ళ కిందట పుంగనూరులో మా పెద్దనాయన ఇంటి గోడమీద ఎవరైనా బొగ్గుముక్కతోనైనా రాసిపెట్టి ఉండకూడదా అనుకున్నాను. ఆ తర్వాత ఇంకోటి కూడా అనుకున్నాను. రాసి ఉన్నా చదివేవాళ్ళం కాదు.

మేము ఆస్పత్రికి వెళ్ళింది హరి కొడుకు కిరణ్ కోసం. వాడికి బెంగుళూరులో ఉద్యోగం. సెలవు పెట్టి ఇంటికొచ్చిన మూడోరోజు పొద్దున బాత్రూములో పడిపోయాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల, నేను బడిలో జీవశాస్త్రం చెప్పిన పిల్లల పిల్లల ఈడు ఉంటుంది. పది నిమిషాల్లో తేల్చేసింది. "ఇది తాగుడు జబ్బండీ. వారం పది రోజులు ఇక్కడే ఉంచాలి" అంది. హరి బుద్ధిగా తల ఊపాడు. ఊపి, బయటికొచ్చి, ఫోను తీసి మొదటి చుట్టానికి జాండీస్ అన్నాడు. రెండో చుట్టానికి గ్యాస్ ట్రబుల్ అన్నాడు. మూడోవాళ్ళకు లో బీపీ. గంటలోపల బిడ్డకు మూడు రోగాలు అంటగట్టాడు, ఉన్న ఒక్కటీ తప్ప. వాడిని చూస్తుంటే మా అమ్మే మగరూపంలో వచ్చి కూర్చున్నట్టుంది.

మా నాయన పేరు చంద్రప్ప. పట్టు పరిశ్రమ శాఖలో ఉద్యోగం. సైకిలు మీద ఊరూరా తిరిగి, పట్టుపురుగులు ఎట్లా పెంచాలో రైతులకు చూపించడం ఆయన పని. గుడ్డులోంచి అప్పుడే బయటపడిన పురుగు చీమంత ఉంటుంది. వేలితో ముట్టుకుంటే నలిగిపోతుంది. కోడి ఈక తీసుకుని, దాని అంచుతో మెల్లగా తోసి లేత మల్బరీ ఆకుమీదికి దించాలి. నాయన ఆ పని చేస్తుంటే ఇంటి ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి వచ్చి చూసేవాళ్ళు. వందల పురుగుల్ని దించినా ఒక్కటి నేలమీద పడేది కాదు. ఆయన ఇంటికొస్తే చొక్కా నుంచి మల్బరీ ఆకు పచ్చివాసన, దానికింద బీడీ వాసన, ఆ రెంటికీ కింద ఇంకో వాసన వచ్చేవి. చిన్నప్పుడు ఆ మూడూ కలిసిన వాసనే నాన్న వాసన అనుకునేదాన్ని నేను. అందరి నాన్నలకూ అట్లాగే ఉంటుందనుకునేదాన్ని.

అంత ఒడుపైన చేతులు పొద్దున పూట కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయేవి. అమ్మ గ్లాసు సగమే పోసి ఇచ్చేది, ఒలకకుండా. ఆయన పెరట్లోకి వెళ్ళి, కట్టెల గూటి వెనక దాచిన సీసాలోంచి రెండు గుక్కలు వేసుకుని వచ్చాక చేతులు దారికొచ్చేవి. అప్పుడు గడ్డం గీసుకునేవాడు. ఆఫీసుకు రాయవలసిన టూర్ డైరీ మాత్రం నాచేత రాయించేవాడు. ఏ ఊరు వెళ్ళాడు, ఎవరి ఇంట్లో పురుగులు ఏ జ్వరం మీద ఉన్నాయి, అన్నీ ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. పురుగు పొర విడిచేముందు తిండి మాని పడుకుంటుంది, దాన్ని మావైపు జ్వరం అంటారు. "నా చెయ్యి నువ్వేమ్మా శాంతా" అనేవాడు నాయన. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయేదాన్నో చెప్పలేను. ఎందుకు ఆయన చెయ్యి నేనయ్యానో అడగాలని ఒక్కరోజూ తోచలేదు.

మదనపల్లెలో మేమున్నది మర్యాదస్తుల వీధి. అయ్యవార్లు, కోర్టు గుమాస్తాలు, బ్యాంకు ఉద్యోగస్తులు. ఆ వీధిలో తాగడమనేది లేదు. అంటే తాగేవాళ్ళు లేరని కాదు, ఆ మాట లేదు. సాయంత్రం నాయన సైకిలు సందు మలుపు తిరుగుతుండగానే అమ్మ కుంపట్లో నిప్పులు కదిలించి సాంబ్రాణి వేసేది. పడసాల, గది, వంటిల్లు, అంతా పొగ. ఆయన చొక్కా జేబులో రోజూ నాలుగు లవంగాలు పెట్టేది. ఇంటి ఓనరమ్మ మెట్లమీద కూర్చుని ముక్కుపుటాలు ఎగరేసి, "మీ ఇల్లు గుడి మాదిరుండాదమ్మా సరోజమ్మా, దినామూ సాంబ్రాణే" అని మెచ్చుకునేది. నాలుగిళ్ళ అవతల కోర్టు గుమాస్తా భార్య కూడా సరిగ్గా అదే వేళకు సాంబ్రాణి వేసేది. పెద్దయ్యాక గాని నాకు లెక్క తెలియలేదు. ఇద్దరూ కొళాయి దగ్గర రోజూ కలిసేవాళ్ళు, చీరల గురించీ పిల్లల చదువుల గురించీ గంటలు మాట్లాడుకునేవాళ్ళు, ఆ ఒక్క మాటా తప్ప. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని మా అమ్మ సిద్ధాంతం. నాయన కడుపు పట్టుకుని మెలికలు తిరిగిన రోజు వీధి చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఆయన కూడా మర్యాదస్తుడే, నాయన ముఖంలోకి చూడకుండా "వేడి చేసింది, చలువ చేసేవి తీసుకోండి" అన్నాడు. ఆయన ముక్కుకు వాసన తగల్లేదా? తగిలింది. గౌరవం కాపాడాడు. నాయన కడుపు మాత్రం కాపాడలేదు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా సాంబ్రాణి వాసన వస్తే నేను లేచి బయటికి పోతాను. భక్తి లేదనుకుంటారు, అనుకోనీ.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాయనకు కుప్పం బదిలీ అయింది. అమ్మ గుండెల్లో రాయి పడింది, అక్కడి వీధి ఎట్లాంటిదో అని. తీరా వెళితే కుప్పంలో సాంబ్రాణి అవసరమే లేకపోయింది. అది మూడు రాష్ట్రాలు కలిసే మూల. ఒక వాక్యంలో తెలుగు, అరవం, కన్నడం మూడూ దొర్లుతాయి. మేము అద్దెకు దిగిన ఇంటి మునెమ్మవ్వకు ఊరి బయట ఈతవనం ఉండేది. తెల్లారగానే ముంతలో కల్లు దిగేది. ముసలివాళ్ళు పొద్దున పూట ఒక లోటా తాగి పనికి పోయేవాళ్ళు. వేడి చేసిన పిల్లలకు కూడా అరగ్లాసు పోసేవాళ్ళు. తమిళనాడులో ఆ రోజుల్లో మద్యం నిషేధం. అటునుంచి ఆదివారాలు రైల్లో మగవాళ్ళు గుంపులుగా దిగేవాళ్ళు, తాగి సాయంత్రం రైలుకు పోయేవాళ్ళు. వాళ్ళు మాత్రం దొంగల్లాగా చెట్ల వెనక కూర్చుని, దిక్కులు చూస్తూ తాగేవాళ్ళు. కూతవేటు దూరంలో మునెమ్మవ్వ అదే కల్లు అరుగుమీద కాళ్ళు చాపుకుని తాగేది. రైలు దిగితే చెట్టుపాలు, రైలెక్కితే పోలీసు కేసు. ముంత ఒకటే.

అమ్మ ఒకరోజు ఉండబట్టలేక మునెమ్మవ్వ ముందర కన్నీళ్ళు పెట్టుకుంది. పెళ్ళయిన పదహారేళ్ళకు మొదటిసారి నోరు విప్పింది పాపం. అవ్వ వక్క నములుతూ అంతా విని, కోర్టులో వకీలు మాదిరి అడిగింది.

"నీ మొగుడు తాగి వీధిలో పడినాడా?"

"లేదవ్వా."

"నిన్ను కొట్టినాడా?"

"అయ్యో, లేదు."

"పనికి పోకుండా పండుకోనుండాడా?"

"లేదు."

"మరి యాల ఏడుస్తాండావు? కల్లు తాగేది తాగడమా? అది సెట్టు పాలు. పడినోడు తాగుబోతు. పడనోడికి ఏం జబ్బుండాది?"

అమ్మ కళ్ళు తుడుచుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకు కొంత ఊరట కూడా కలిగింది. నాయన అరుగుమీద అందరితో కలిసి దర్జాగా కూర్చుని, అరవ పాటలు పాడుతూ నవ్వుతుండేవాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేనెక్కడా చూడలేదు. ఈ మాట ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉంది. ఆ అరుగుమీదే ఆయనకు కల్లు చాలకుండా పోయింది. మధ్యాహ్నం సారాయి మొదలయింది. పడలేదు గనక ఎవరికీ పట్టలేదు.

పట్టించుకున్నది ఒక్కతే. కుప్పం దగ్గర ఒక పల్లె, వేసవి సెలవుల్లో నాయన సైకిలు వెనక కూర్చుని నేనూ వెళ్ళాను. పురుగులు పెంచే గది గడప దగ్గర ఆ ఇంటావిడ చెయ్యి అడ్డం పెట్టింది. నడివయసు మనిషి, చేతులనిండా ఆకు పసరు.

"సారూ, మీరు లోపలికి రావద్దండి. వాసనొస్తాండాది. పురుగు తట్టుకోల్యాదు" అంది.

అందులో కోపం లేదు. పురుగుల గదిలోకి బీడీ తాగినవాడిని, అత్తరు పూసుకున్నవాడిని కూడా రానివ్వరు. నాయనే నేర్పిన నియమం అది. ఆయన గడప బయటే నిలబడి, లోపలున్న ఆమెకు ఏం చేయాలో నోటితో చెప్పాడు. పోయేముందు ఆయన సైకిలు తీస్తుండగా ఆమె నన్ను పక్కకు పిలిచింది. "పాపా, పురుక్కు జబ్బొస్తే మొదట ఆకు తినేది మానేస్తాది. మీ నాయన అన్నం తింటాండాడా?"

నాయన అన్నం తినడం మానేసి అప్పటికి ఏడాది. రెండు ముద్దలు కెలికి లేచేవాడు. మదనపల్లె డాక్టరు చూడని దాన్ని పురుగులు పెంచుకునే మనిషి గడపలో నిలబడి చూసేసింది. నేనేం చేశాను? నాకు అవమానమైంది. "మా నాయనకేమీ లే, బాగుండాడు" అని మొహం తిప్పుకుని వచ్చేశాను. అమ్మలాగా నేను మొదటిసారిగా వేసిన సాంబ్రాణి ఆ మాటే. నాయనను ఆ ఇంటి గడప బయట ఆపినందుకు నాకు ఆమె మీద ఏళ్ళ తరబడి కోపం ఉండింది. పురుగుకున్న పాటి పట్టింపు మనిషికి మేమెవరమూ ఇవ్వలేదన్న జ్ఞానం చాలా ఆలస్యంగా వచ్చింది.

తర్వాత సొంత ఊరు పుంగనూరుకే బదిలీ వచ్చింది. ఊరి అంచున పెద్దనాయన గోవిందప్ప ఇంట్లోనే అందరం చేరాం. మెట్ట సేద్యం, రెండు బావులు, వేరుశనగ, కొంచెం మల్బరీ. పెద్ద వాకిలి, పశువుల కొట్టం, వంటింట్లో ఎప్పుడూ రాగిసంగటి ఉడికే వాసన. పుంగనూరులో తాగుడు అందరికీ తెలిసినదే, మదనపల్లెలో లాగా దాపరికం లేదు. కానీ అక్కడ ఎవడు తాగుతాడన్నదాన్ని బట్టి పేరు మారేది. మా సేద్యగాడు నరసింహులు సాయంత్రం తాగితే తాగుబోతు. అదే సీసాలో మిగిలింది పెద్దనాయన తాగితే అలసటకు. నాయన తాగితే "ఉద్యోగస్తుడు గదా, దేశాలు పట్టుకోని తిరుగుతాడు, ఒళ్ళు నొప్పులకు". సీసా తెచ్చిపెట్టేది నరసింహులే, తిట్లు తినేదీ అతడే. ఒకసారి పనిలోకి ఆలస్యంగా వచ్చాడని పెద్దనాయన అతడిని వారం రోజులు నిలిపేశాడు. "తాగుబోతు నా కొడుకులతో సేద్యం ఎట్ల జరుగుతాది?" అని పెద్దనాయన అరుస్తుంటే ఆయన నోటినుంచే సారాయి వాసన. నవ్వొచ్చేది నాకు. ఇప్పుడు రాదు.

పెద్దనాయన తాగుబోతు కాదనడానికి ఆయన దగ్గర ఒక రుజువు ఉండేది. మా ఇంట్లో గంగమ్మ జాతరకు ఏటా ఒక మగమనిషి కంకణం కట్టుకోవాలి. జాతర చాటింపు వేసిన రోజున పసుపు దారం చేతికి కట్టుకుంటే, జాతర అయ్యేదాకా తొమ్మిది రోజులు నీసు, సారాయి ముట్టకూడదు. పెద్దనాయన ఏటా కట్టుకునేవాడు, ముట్టేవాడు కాదు. "తొమ్మిది నాళ్ళు ఇడిసిపెట్టి ఉండగలిగినోడు తాగుబోతు యాలవుతాడు?" అనేవాడు. ఊళ్ళో అందరిదీ అదే కొలత. కంకణం నిలబెట్టుకున్నవాడు మంచివాడు, తెంచుకున్నవాడు తాగుబోతు. రోజంతా తాగేవాడి ఒంట్లో ఏం జరుగుతుందో, వారానికి నాలుగు రోజులు తాగేవాడి ఒంట్లో ఏం జరుగుతుందో, రెండూ ఒకటేనా అని ఎవరూ అడగలేదు.

ఆ ఏడు నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. జువాలజీ చదువుతున్నాను, అదీ నా తెలివి. నాయన ఒళ్ళు ఎండిపోయింది, కళ్ళు పచ్చబడ్డాయి, పొద్దుటి రెండు గుక్కలు నాలుగయ్యాయి. ఆయన మానెయ్యాలని నాకు ఆశ. మానడానికి మా అందరికీ తెలిసిన దారి ఒక్కటే. చాటింపుకు ముందురోజు ఆయన డైరీ రాసి మూసేసి, "నాయనా, ఈసారి కంకణం నువ్వు కట్టుకో" అన్నాను.

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "నావల్ల అవుతాదంటావా అమ్మా?" అన్నాడు.

"పెదనాయనకు అయినప్పుడు నీకు యాల కాదు?"

"సరే. నువ్వడిగినావు గాబట్టి కట్టుకుంటా."

ఇంత రాశాక ఈ పేజీ చింపేద్దామనిపించింది. ఇంతకుముందు రెండుసార్లు చింపాను కూడా.

కంకణం కట్టిన మొదటిరోజు ఆయన నీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. ఒళ్ళంతా చెమటలు. ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. పెద్దమ్మ పాయసం చేసింది. రెండోరోజు చేతులు వణికాయి, ఆయన నిద్రపోలేదు. "పట్టు వదులుతాండాది, మంచిదే" అన్నాడు పెద్దనాయన. మూడోరోజు తెల్లారి పొద్దెక్కాక నేను గదిలోకి వెళ్ళేసరికి నాయన మంచంమీద కూర్చుని దుప్పటి మీదనుంచి ఏవో ఏరుతున్నాడు. రెండు వేళ్ళతో మెల్లగా పట్టి, గాలిలో ఎత్తి, పక్కన పెడుతున్నాడు. చెయ్యి విపరీతంగా వణుకుతోంది. నన్ను చూసి, "శాంతా, ఈక తీసుకురా. పురుగు కిందపడిపోతాండాది. తొక్కద్దు, తొక్కద్దు" అన్నాడు. గోడనిండా పురుగులున్నాయన్నాడు. నా చీరమీద ఉన్నాయన్నాడు. అక్కడ ఏమీ లేదు.

నేను అరిచిన అరుపుకు పెద్దమ్మ పరిగెత్తుకొచ్చింది. వణికే చేతులు, ఎర్రటి కళ్ళు, ఊగే ఒళ్ళు, చేతికి కంకణం. చూసిన వెంటనే ఆమె గడప దగ్గరే కూలబడి దండం పెట్టింది. "అమ్మ వచ్చిందే. మరిది మింద అమ్మ వచ్చింది" అంది. పది నిమిషాల్లో వాకిలి నిండింది. వేపమండలు వచ్చాయి, పసుపునీళ్ళు వచ్చాయి, సాంబ్రాణి వచ్చింది. నాయనను పట్టుకొచ్చి పీటమీద కూర్చోబెట్టారు. ఎవరో ఆడమనిషి "తల్లీ, వాన పడతాదా?" అని అడిగింది. నాయన ఆమె వైపు చూడకుండా, "ఆకు వెయ్యండి. ఆకలితో ఉండాయి. ఆకు వెయ్యండి" అన్నాడు. అందరూ ఆయన ముందు వేపాకు గుట్టలుగా పోశారు. ఆయన వాటిని సమంగా సర్దడం మొదలుపెట్టాడు, పురుగుల తట్టలో పరిచినట్టు. ఆయన పనిలో ఉన్నాడు. ఆ విషయం అంతమందిలో నాకు, మా అమ్మకు మాత్రమే తెలుసు.

కొట్టం దగ్గరనుంచి నరసింహులు వచ్చాడు. వాకిలి లోపలికి రాకుండా, ప్రహరీ అవతల నిలబడే అన్నాడు.

"అయ్యా, తప్పుగా అనుకోవద్దు. అది అమ్మ గాదు. సారాయి ఒక్కతూరి నిలిపేస్తే ఇట్లే అవుతాది. నాకూ అయింది. మా ఆడది నన్ను మదనపల్లె ఆస్పత్రికి యెత్తుకోని పోయింది, సూదులేసినారు, బతికినా. బస్సు ఇప్పుడే ఉండాది. తీసుకోని పోదాం రండయ్యా."

పెద్దనాయన మొహం నల్లబడింది. "తాగుబోతు నా కొడకా, నువ్వా నాకు సెప్పేది? మా వాడిని నీతో కలుపుతాండావా? పో అవతలికి" అన్నాడు.

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బావా, ఒకసారి డాక్టరుకు సూపిద్దాం బావా" అంది. పెళ్ళయినాక ఆయన ఎదురుగా ఆమె మాట్లాడిన మొదటి మాట అదేనేమో. "కంకణం కట్టినోడిని, అమ్మ ఒంటిమీదుండంగా పొలిమేర దాటిస్తే వంశానికే అరిష్టం. ఊరుకోమ్మా" అన్నాడు పెద్దనాయన. అమ్మ ఊరుకుంది. పెద్దమ్మ నా చేతిలో హారతి పళ్ళెం పెట్టింది. ఇంటి ఆడపిల్ల ఇవ్వాలట. నరసింహులు చెప్పింది నిజమని నాకు తెలుసు. గడపలో చెయ్యి అడ్డం పెట్టినావిడ మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. అయినా నేను కర్పూరం వెలిగించి, వణుకుతున్న మా నాయన ముఖం ముందు మూడుసార్లు తిప్పాను. ఆయన నన్ను గుర్తుపట్టి, "ఈక తెచ్చినావా?" అన్నాడు.

నాలుగోరోజు మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. ఒకటి తగ్గకముందే ఇంకొకటి. అప్పుడు పెద్దనాయన జీపుకు మనిషిని పంపాడు. జీపు వచ్చేసరికి అవసరం లేకపోయింది. మా అమ్మకు నలభై కూడా నిండలేదు, హరికి తొమ్మిదేళ్ళు.

నన్ను మండించేది చావు కాదు, ఆ తర్వాత జరిగింది. జాతర రోజుల నడుమ, కంకణంతో, అమ్మవారు ఒంటిమీద ఉండగా పోయాడు గనక నాయన పుణ్యాత్ముడైపోయాడు. "అమ్మే పిలిపించుకునింది" అన్నారు. ఆ దారం విప్పి పూజగదిలో మేకుకు తగిలించారు. పక్కన ఫోటో, ఫోటోకు బొట్టు. ఏటా జాతరకు ముందు ఆ దారానికి సాంబ్రాణి వేస్తారు. హరి ఆ కథ వింటూ పెరిగాడు, వాడి కొడుక్కి అదే చెప్పాడు. పదోరోజున నరసింహులు వచ్చి వాకిలి బయట నిలబడి, నేను కనబడితే, "సెప్పినా గదమ్మా" అన్నాడు. అంతే అన్నాడు. అతడు ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు. చివరిదాకా మా ఇంట్లో అతడి పేరు తాగుబోతు నరసింహులే.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఎవరిని తిట్టాలో తెలియక ఇన్నేళ్ళూ అందరినీ తిట్టుకుంటూ వచ్చాను. మదనపల్లెలో కనబడకుండా ఉంటే చాలన్నారు, కుప్పంలో పడకుండా ఉంటే చాలన్నారు, పుంగనూరులో మనవాడైతే చాలన్నారు. ఒక బస్సెక్కితే రోజులోపల తిరిగి రాగలిగిన ఊళ్ళు ఇవి. మనిషి ఒకడే, లివరు ఒకటే, ఊరు మారినప్పుడల్లా ఆయనకు జబ్బు లేదనడానికి కొత్త కారణం దొరికేది. ఇప్పుడేమన్నా మారిందా అంటే, డాక్టరమ్మ మారింది, బోర్డు వచ్చింది. మనం మారలేదు. కిరణ్ స్నేహితుడొకడు బెంగుళూరు నుంచి చూడటానికొచ్చి, "ఏం లేదాంటీ, అందరిలాగా వీకెండ్స్ తాగుతాడు, వర్క్ ప్రెషర్" అన్నాడు. ఆఫీసుకు పోతున్నాడు గనక వాడికీ జబ్బు లేదు. మునెమ్మవ్వ అరుగుమీద నుంచి లేచి ఐటీ కంపెనీలో చేరిందనుకున్నాను.

ఆస్పత్రిలో రెండోరోజు పొద్దున పుంగనూరు నుంచి పెద్దనాయన కొడుకు మణన్న ఫోను చేశాడు. హరి యథాప్రకారం జాండీస్ అన్నాడు గాని, మణన్నకు అప్పటికే ఎవరో నిజం చేరవేసినట్టున్నారు. హరి ఫోను నాకిచ్చాడు.

"శాంతమ్మా, మనోడికి ఆస్పత్రులు యాల? జాతర చాటింపు వచ్చే వారమే. తోడుకోని రాండి, కంకణం కట్టిద్దాం. దానంతటదే పోతాది. చిన్నాయన సూడు, ఎంత పుణ్యం చేసుకున్నాడు" అన్నాడు.

"అన్నా, మా నాయనను అమ్మ పిలిపించుకోలేదు. తాగుడు జబ్బుతో పోయినాడు. ఆస్పత్రికి తీసుకుపోయుంటే బతికుండేవాడు. కంకణం కట్టుకోమని అడిగింది నేను, హారతి ఇచ్చింది నేను. కిరణ్‌కు కూడా అదే జబ్బు. ఎవరడిగినా అదే చెప్పు" అన్నాను. వరండాలో నలుగురు తలలు తిప్పి చూశారు. హరి తల వంచుకున్నాడు.

"వయసైపోయింది గదా, నీకు మతి పోతాండాది" అని మణన్న ఫోను పెట్టేశాడు.

గదిలోకి వెళ్ళేసరికి కిరణ్ మేలుకుని ఉన్నాడు. తలుపు తీసే ఉంది, అంతా విన్నాడు. మందులు పడుతున్నాయి గనక వాడు ఏ పురుగులనూ చూడటం లేదు గాని, చేతులింకా వణుకుతూనే ఉన్నాయి.

"అత్తా, తాతకు అమ్మవారు రాలేదా?" అన్నాడు.

"లేదురా. వణుకొచ్చింది. నీకొచ్చినట్టే."

వాడు చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు, అచ్చం ఆయనలాగే. తర్వాత నీళ్ళడిగాడు. గ్లాసు సగమే పోద్దామనుకుని, మళ్ళీ నిండుగా పోసి ఇచ్చాను. రెండు చేతులా పట్టుకుని తాగాడు, సగం చొక్కామీద ఒలికింది. నర్సు గుడ్డ తీసుకుని వస్తుంటే, ఉండమ్మా నేను తుడుస్తానని అందుకున్నాను.